రామటెంకి మీద అక్షరాల కోసం ఎన్నిస్ దాకా

శ్రీరామనవమి నాడు డబ్లిన్ శివార్లలో బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మా ఇంట్లో పన్నెండు మంది ఆడవాళ్ళు పానకం గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. మా ఆడపడుచు సుగుణ దేవుడి అరలోంచి రామటెంకి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా అమ్మది కాదు వదినా" అంది. నెమ్మదిగా కూడా అనలేదు. నాకు చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడటం చేతకాదు. "వడపప్పు తీసుకోండి" అంటూ గిన్నె అందించాను. ఆ గిన్నె అందించినందుకు తర్వాత నెల రోజుల పాటు నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ ప్రయాణం అందుకే చేయాల్సి వచ్చింది. ఎన్నిస్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి, ఖర్చు, పట్టే సమయం అన్నీ చెబుతాను. కానీ ముందు నాణెం సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

రామటెంకి అంటే పూజలో పెట్టుకునే రాముడి బొమ్మ నాణెం. మా అత్తగారింటిది వెండిది, పాత పావలా అంత ఉంటుంది. ఒక పక్క విల్లు పట్టుకుని పీట మీద కూర్చున్న రాముడు, రెండో పక్క గడ్డంతో వశిష్ఠులవారు. అత్తగారి తాతగారు ఎప్పుడో పెద్ద యుద్ధం రోజుల్లో పటాలంలో గుమాస్తాగా బస్రా వెళ్ళి తెచ్చారట. బస్రాలో రాముడి నాణెం ఎలా దొరికిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పంతొమ్మిదేళ్ళ కిందట మేము ఐర్లండ్ బయల్దేరేటప్పుడు అత్తగారు దాన్ని పసుపు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. కూతురికి ఇవ్వలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ విషయం సుగుణ మనసులోంచి పోలేదని నాకు తెలుసు.

సుగుణ వాళ్ళు ఏడేళ్ళుగా డ్రోహెడాలో ఉంటున్నారు. వాళ్ళాయన అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా నాణెం కుంకుమ కింద ఉండేది కాబట్టి ఎప్పుడూ పరకాయించి చూడలేదు. ఈసారి నవమికని నేను శుభ్రంగా తోమాను, కుంకుమ ఇంకా పెట్టలేదు. వారం తర్వాత ఆమె సాక్ష్యం కూడా తెచ్చింది. మామగారు పోస్టాఫీసులో పనిచేసేవారు. సుగుణ పదో తరగతిలో ఉండగా, పార్సిళ్ళకి వేసే ఎర్ర లక్క కరిగించి, రాముడి బొమ్మ ఉన్న వైపు అందులో నొక్కి ముద్ర తీసి ఇచ్చారట. ఇన్నేళ్ళుగా దాన్ని గాజుల డబ్బాలో దాచుకుంది. ఆ లక్క బిళ్ళలో రాముడి చుట్టూ చతురస్రంలా నాలుగు పక్కలా అక్షరాలున్నాయి. నా దగ్గరున్న దానిమీద రాముడున్నాడు, అక్షరాలు లేవు.

"మరి అక్షరాలేవి వదినా? ఎగిరిపోయినాయా?" అంది. "పోగొట్టుకుంటే పోగొట్టుకున్నానని చెప్పొచ్చుగా. ఇంకోటి తెచ్చి పెట్టడమెందుకు?"

పంతొమ్మిదేళ్ళుగా రోజూ పువ్వు పెడుతున్న వస్తువు మీద ఒకప్పుడు అక్షరాలు ఉండేవో లేవో చెప్పలేకపోయాను. మావారు "వదిలెయ్యవే, ఇంత చిన్న నాణేనికి" అన్నారు. వదిలేయాల్సింది నాణేన్ని కాదు, నా పేరుని. అది ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు. ఒక మ్యూజియానికి రాస్తే, బయటివాళ్ళ వస్తువుల మీద మేము అభిప్రాయం చెప్పము అని మర్యాదగా జవాబిచ్చారు. చివరికి మా అమ్మాయి ఫోన్‌లో వెతికి, "మామ్, ఇట్స్ గ్రాండ్, ఒకాయన దొరికాడు" అంది. ఎన్నిస్ దగ్గర పల్లెలో ఉంటాడు, పేరు టామ్. సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కే పని నలభై ఏళ్ళు చేసి మానేశాడు. పాత నాణేల మీది అక్షరాలంటే పిచ్చి, శనివారాలు ఎవరు తెచ్చినా ఊరికే చూసి పెడతాడు. ఫొటోలు పంపితే, ఫొటోలో నాకేమీ తెలియదు, నాణెమూ లక్క బిళ్ళా రెండూ పట్టుకు రండి అని రాశాడు.

"నేనూ వస్తా" అంది సుగుణ. "నువ్వొక్కదానివే వెళ్ళొచ్చి ఆయన ఇట్టా అన్నాడని చెప్తే నేనెట్టా నమ్మేది?"

మే నెలలో ఒక శనివారం పెట్టుకున్నాం. ఏడింటికల్లా పులిహోర డబ్బా కట్టుకుని, ఊళ్ళోకి బస్సు ఎక్కి, అక్కడి నుంచి ఎర్ర లైను లువాస్ ట్రాములో హ్యూస్టన్ స్టేషన్‌కి చేరాను. ముందే డబ్బు వేసుకునే లీప్ కార్డు ఉంటే తొంభై నిమిషాల లోపల బస్సుకీ లువాస్‌కీ కలిపి రెండు యూరోలే. హ్యూస్టన్ నుంచి లిమరిక్, అక్కడ బండి మారి ఎన్నిస్. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే రానూపోనూ మనిషికి నలభై లోపే అయింది. మొత్తం మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఇదంతా బండి ఎక్కగలిగితే. సుగుణ డ్రోహెడా నుంచి ఊళ్ళో ఇంకో స్టేషన్‌కి వచ్చి, అక్కడి నుంచి లువాస్‌లో రావాలి. ఆమె రైలు సరైన సమయానికే వచ్చింది, అందులో సుగుణ లేదు. ఫ్లాస్కు మర్చిపోయి వెనక్కి వెళ్ళిందట, తర్వాతి రైలులో వచ్చింది. ఆమె ఫ్లాస్కు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి మా బండి కదిలి పోతోంది.

"అయ్యో, ఇంకోటి ఉంటదిగా వదినా" అంది.

ఉంటుంది. ఎన్నిస్ బండి కలిసేది ఇంకో రెండు గంటలకి. మా టికెట్లు దానికి చెల్లుతాయో లేదో తెలుసుకోవడానికి వరసలో అరగంట నిలబడ్డాను. చెల్లాయి, స్వామి దయ. సుగుణ ఈలోపు బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసుకుని తాగింది. నాకూ పోసింది. చక్కెర లేదు. నాకు కోపం వస్తే లోపల విష్ణు సహస్రనామం మొదలుపెడతాను. ఆ రోజు స్టేషన్‌లో ఒకసారి పూర్తయింది, లిమరిక్ దాకా రెండోసారి. దారంతా వాన. కిటికీలోంచి ఫొటోలు బాగా రావు, ఎడమ పక్కన కూర్చున్నా కుడి పక్కన కూర్చున్నా అవే గొర్రెలు.

ఎన్నిస్‌లో దిగేసరికి రెండు దాటింది. తిరుగు బండి ఆరు ప్రాంతాల్లో. స్టేషన్ బయట టాక్సీ ఎక్కాం. డ్రైవరు మా చీరలు చూసి, "పెళ్ళికా?" అని అడిగాడు.

"కాదండీ, టామ్ గారింటికి. ఇదిగో ఎయిర్‌కోడ్" అని ఫోను చూపించాను. ఇక్కడ పల్లెల్లో ఇళ్ళకి నంబర్లుండవు, ఒక్కో ఇంటికీ ఒక కోడు ఉంటుంది.

"టామ్‌కి కోడెందుకు? టామ్ నాకు తెలుసు" అని ఫోను వైపు చూడనైనా చూడలేదు.

పావుగంట తర్వాత ఒక పెంకుల కొట్టం ముందు ఆపాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒకాయన బయటికి వచ్చి, నాణెం మాట విని, మా ఇద్దరినీ చీరలతో సహా పైనుంచి కిందికి చూశాడు. "నా దగ్గర ఆవులున్నాయి" అన్నాడు. "మీకు కావలసిన టామ్ నాలుగు మైళ్ళు వెనక్కి."

"ఈ రోడ్డు మీద ముగ్గురు టామ్‌లు" అన్నాడు డ్రైవరు, తప్పు రోడ్డుదన్నట్టు. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు, గడియారం చూసుకున్నాను. అయితే మీటరు ఇరవై ఎనిమిది చూపించినా పదిహేనే తీసుకున్నాడు. అది చెప్పకపోతే పాపం.

టామ్‌కి డెబ్బై దాటి ఉంటాయి. కిటికీ పక్కన బల్ల, భూతద్దం, చిన్న దీపం. నాణెం అంచులు రెండు వేళ్ళతో పట్టుకుని దీపం కింద పెట్టి రెండు వైపులా తిప్పి చూశాడు. తర్వాత మొదటి మాటగా, ఇది పార్థియన్ల నాణెం, ఇరాన్ వైపు, రెండు వేల ఏళ్ళ నాటిది అన్నాడు. విల్లు పట్టుకున్నవాడు వాళ్ళ రాజవంశానికి మూలపురుషుడు. గడ్డమున్నది అప్పటి రాజు.

"మంచివాడేనా?" అని అడిగాను.

"ఎవరికి తెలుసు? తన గురించి తను చెప్పుకున్నది మాత్రం ఉంది" అని లక్క బిళ్ళ తీసుకున్నాడు. లక్కలో అంతా తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది కదా, అందుకని పిల్లలాడుకునే మెత్తని మట్టి ముద్ద తీసి లక్క మీద నొక్కి తీశాడు. మట్టి మీద బొమ్మా అక్షరాలూ సవ్యంగా పైకి వచ్చాయి. గ్రీకు అక్షరాలట. చిటికెన వేలితో వరసగా చూపించాడు. "రాజులకు రాజు. ఉపకారి. న్యాయవంతుడు."

"అయితే రాముడేగా వదినా" అని తెలుగులో గొణిగింది సుగుణ. ఆ రోజు ఆమె అన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. నేను పదో తరగతి చదివాను, గ్రీకు ఏమిటో నాకు తెలియదు. కానీ ముగ్గు తెలుసు. ఆ అక్షరాలు ముగ్గులాగే ఉన్నాయి. ముందు కొసల్లో చుక్కలు పెట్టి, తర్వాత చుక్కల్ని గీతలతో కలిపారు. నాణేలు కొట్టే అచ్చు మీద ఆ మనిషి ముందు చుక్కలు తొలిచాడు, తర్వాత ఉలితో గీత లాగాడు, అదీ తిరగేసి, చీమ తలంత చోటులో. కొన్ని అక్షరాలు అసలు అక్షరాలే కావట, ఉత్త పుల్లలు. గుండ్రంగా ఉండాల్సిన చోట ఒట్టి చుక్క. "ఇది చెక్కినవాడికి గ్రీకు రాదు" అన్నాడు టామ్. "పాత నాణెం ముందు పెట్టుకుని చూసి దింపాడు. ఏం రాస్తున్నాడో తెలియదు. అయినా చూడండి, ఒక్క చుక్క ఎగ్గొట్టలేదు." ఉదయం నుంచి నేను చదివిన వేయి నామాల్లో ఎన్నింటికి అర్థం తెలుసో లెక్క వేసుకుని, ఆ చెక్కినవాడి మీద నాకు అభిమానం కలిగింది. టామ్ మీద మాత్రం లేదు. నలభై నిమిషాలైంది, నేను అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు రాలేదు.

"రెండూ ఒకటేనా, కాదా?" అని మళ్ళీ అడిగాను.

నా నాణెం మీద రాముడి పీట పక్కన, బొమ్మ నీడలో అరగకుండా మిగిలిన చిన్న చోటు చూపించాడు. రెండు చుక్కలు, వాటి దగ్గర ఉలి జారితే పడ్డ సన్నని గీత. మట్టి ముద్రలోనూ అదే చోట అవే రెండు చుక్కలు, అదే జారిన గీత. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఒకటేనన్న మాట" అన్నాను.

"కాదు" అన్నాడు. "ఒకే అచ్చులోంచి వచ్చాయన్న మాట. ఆ అచ్చుతో ఎన్ని వేల నాణేలు కొట్టారో."

"చూశావా" అంది సుగుణ, వెంటనే.

మూడోసారి సహస్రనామం మొదలుపెట్టాను, కానీ మధ్యలో తప్పిపోయింది. టామ్ టీ పెట్టాడు. ఒకరింటికి వెళ్ళి ఉత్త చేతులతో కూర్చోకూడదు కాబట్టి పులిహోర డబ్బా తెరిచి ఆయనకి పళ్ళెంలో పెట్టాను. రెండు చెంచాలు తిని, బాగుందన్నాడు, ఈ పులుపు దేనిదని అడిగాడు. చింతపండుదని చెప్పాను. ఇంకో చెంచా తింటూ, నాణెం వైపు చూస్తూ, "దీన్ని దేంతో శుభ్రం చేస్తారు?" అన్నాడు.

నేను నోరు తెరవకముందే సుగుణ ఆయన పళ్ళెం వైపు వేలు చూపించింది.

టామ్ చెంచా కింద పెట్టాడు. "ఎన్నాళ్ళకోసారి?"

"ప్రతి శుక్రవారం" అన్నాను. "బొటనవేలితో. తళతళలాడే దాకా."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఎవరో పోయిన ఇంట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు. చింతపండు పులుపు వెండిని పైపైన తినేస్తుంది, వేలు ఆ మెత్తబడ్డదాన్ని తుడిచేస్తుంది, సన్నని అక్షరాలే ముందు పోతాయి, బొమ్మ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చివరిదాకా నిలుస్తుంది అని చెప్పాడు. దేవుడికి సేవ అనుకుని పంతొమ్మిదేళ్ళు నేను చేసింది అది. అక్షరాలు ఎగిరిపోలేదు, వారం వారం నా వేలి కింద నుంచి కాలవలోకి పోయాయి.

"అదంతా ఇది అమ్మ నాణెమైతే కదా" అంది సుగుణ. ఎంత నెమ్మదస్తురాలినైనా ఆ క్షణంలో ఆ ఫ్లాస్కు తీసి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ఆ మాట టామ్‌కి అర్థం కాలేదు కానీ లక్క బిళ్ళ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి అక్షరాలు చూడలేదు, అంచు చూశాడు. మామగారు పోస్టాఫీసు చెయ్యి కదా, ముద్ర గట్టిగా, లోతుగా వేశారు. నాణెం అంచు మొత్తం లక్కలో దిగింది. ఆ రోజుల్లో చేత్తో కొట్టిన నాణేలు ఏవీ సరిగ్గా గుండ్రంగా ఉండవట, ఒక్కోటి ఒక్కో ఆకారం. మా నాణేనికి ఒక మూల చదునుగా ఉంటుంది, దాని పక్కనే అంచులోంచి లోపలికి వెంట్రుక లాంటి బీట. టామ్ నాణేన్ని నెమ్మదిగా లక్క గుంటలో పెట్టి కొద్దిగా తిప్పాడు. గిన్నెకి మూత కూర్చున్నట్టు కూర్చుంది. చదును దగ్గర చదును, బీట దగ్గర బీట.

"ఇదే" అన్నాడు. "వేరే నాణెం ఇందులో కూర్చోదు."

నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. రాముడికో, ఆ ఇరాన్ రాజుకో, మామగారికో నాకు తెలియదు.

టామ్ ఇంకా వదల్లేదు. లక్కలోని అక్షరాలు కుడి పక్కన అప్పటికే సగం అరిగి ఉన్నాయని, ఒకే వైపు నుంచి ఒకే వేలు తోమినట్టుందని చూపించాడు. ఈ ముద్ర వేసేనాటికి దీన్ని ఎవరు తోమేవారని అడిగాడు. నేను తెలుగులో చెప్పనవసరం లేదు, సుగుణకి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. చాలాసేపు గాజుల డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"నేనే" అంది చివరికి, తెలుగులోనే, నాతో. "అమ్మ నాతోనే తోమించేది. ఇంకా గట్టిగా తోమవే, మొహం కనపడాలి అనేది."

టామ్ డబ్బు తీసుకోలేదు. మిగిలిన పులిహోర డబ్బాతో సహా ఉంచుకున్నాడు. అదే డ్రైవరు వచ్చి ఈసారి దారి తప్పకుండా స్టేషన్‌కి చేర్చాడు. లిమరిక్‌లో మారి డబ్లిన్ బండి ఎక్కాక, కిటికీ పక్కన కూర్చున్న సుగుణ తనే మొదలుపెట్టింది.

"అయినా నేను తోమింది ఆరేళ్ళే వదినా. నువ్వు పంతొమ్మిదేళ్ళు. ఎక్కువ నువ్వే పోగొట్టావు."

"ఒప్పుకుంటాను" అన్నాను. "కానీ నేను మార్చలేదు. అది ఆ పన్నెండు మందికీ ఎవరు చెప్తారు?"

"చెప్తాలే. ఎప్పుడన్నా కలిసినప్పుడు."

"ఇప్పుడు చెప్పు."

ఆమె నా వైపు తిరిగి చూసింది. నేను గొంతు పెంచలేదు, కానీ చూపు తిప్పుకోలేదు. మా ఆడవాళ్ళ పూజలకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, నవమికి వచ్చినవాళ్ళంతా అందులో ఉన్నారు. సుగుణ ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకుంది. మొదటిసారి చెప్పిన దాంట్లో అంతా టామ్ గురించీ వాన గురించీ. "మళ్ళీ చెప్పు" అన్నాను. రెండోసారి, నాణెం అరిగిపోయింది పాపం, అంది. "మళ్ళీ" అన్నాను. ఎదురు సీటులో పేపరు చదువుకుంటున్న ముసలాయన పేపరు దించి చూశాడు. మూడోసారి సుగుణ కళ్ళు కిందికి దించుకుని చెప్పింది: "నవమి నాడు నేనన్నది తప్పు. అది మా అమ్మ నాణెమే. వదిన దాన్ని మార్చలేదు. అక్షరాలు మేమిద్దరం చింతపండుతో తోమి పోగొట్టాం." పంపేసి ఫోను బోర్లా పెట్టింది. ఐదు నిమిషాల్లో ఎనిమిది దణ్ణాలు వచ్చాయి. తొమ్మిదో ఆవిడ, మరి నిమ్మకాయతో తోమొచ్చా అని అడిగింది.

ఇంటికి వచ్చాక మావారు "తేలిందా?" అని అడిగి, తేలిందంటే "నేను ముందే చెప్పాగా" అన్నారు. ఏం చెప్పారో ఆయనకే తెలియాలి. ఆ తర్వాతి శుక్రవారం నాణేనికి నీళ్ళు తగలనివ్వలేదు, తమలపాకు మీద పెట్టి తులసి వేశాను. తోమడం లేకపోయేసరికి పూజ పది నిమిషాలు ముందే అయిపోయింది, ఆ పది నిమిషాలు ఏం చేయాలో తెలియక అక్కడే కూర్చున్నాను. విల్లు పట్టుకుని కూర్చున్నది ఎవరో తెలిసింది కదా, ఇంకా దణ్ణం పెడతావా అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. పెడతాను. నాలుగు తరాల ఆడవాళ్ళు రాముడనే పెట్టారు. ఆ అక్షరాలు చెక్కినవాడు కూడా ఏమిటో తెలియకుండానే ఒక్క చుక్క వదలకుండా చెక్కాడు. నాకు విసుగు పుట్టించేది అది కాదు. అత్తగారి చేతిలోంచి అంత జాగ్రత్తగా తీసుకున్నదాన్ని, జాగ్రత్తగానే అరగదీశాను. నిర్లక్ష్యం చేసి కుంకుమ కింద వదిలేసి ఉంటే మిగిలేది. మీ పూజలో కూడా ఇలాంటి పాత నాణెం ఉంటే ఒక్క పని చేయండి: ఈ శుక్రవారం చింతపండు నానబెట్టేలోపే, రెండు వైపులా, చుట్టూ అంచుకీ, దగ్గరగా ఫొటోలు తీసి, ఇంట్లో అందరికీ పంపండి. ఆడపడుచుకి ముందు పంపండి.